భుజంలో రొటేటర్ కఫ్ బాగా చిరిగిపోతే: కుట్టించాలా, కీలు మార్పించాలా, ఆగాలా?

చిత్తూరు దగ్గర బంగారుపాళెం వైపు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాయనకు 64 ఏళ్ళు. మామిడి తోట, నాలుగు ఆవులు, పన్నెండేళ్ళుగా షుగర్. ఎనిమిది నెలల కింద తోటలో గట్టు మీద జారి కుడి చెయ్యి మీద పడ్డారు. మొదట కట్టు కట్టించారు, తర్వాత నూనె మర్దన, ఆ తర్వాత ఒక ఇంజెక్షన్. ఇప్పుడు చెయ్యి రొమ్ము ఎత్తు దాకానే లేస్తోంది. ఇంకొకరు పట్టుకుని లేపితే మాత్రం పూర్తిగా పైకి పోతోంది. రాత్రిళ్ళు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారు. ఎమ్మారై రిపోర్టులో రెండు టెండన్లు (కండను ఎముకకు కట్టి ఉంచేవి) పూర్తిగా తెగి లోపలికి గ్లీనాయిడ్ (భుజం కీలు గుంట) దాకా జరిగిపోయాయనీ, కండలో కొవ్వు గూటాలియే గ్రేడ్ 3 అనీ రాశారు. కీలు అరగలేదు. ఒక డాక్టరు కీహోల్‌లో (చిన్న రంధ్రాల గుండా) కుట్టేద్దామన్నారు, ఇంకొకరు రివర్స్ భుజం మార్పిడి (బంతీ గిన్నే తారుమారు చేసి కృత్రిమ కీలు పెట్టడం) తప్ప దారి లేదన్నారు. "మా నాయనకు ఏది మంచిది? ఆవులను అమ్మేయమంటారా?" అని అడిగారు.

నేను తిరుపతిలో ఇరవై రెండేళ్ళుగా ఎముకల డాక్టరుగా పని చేస్తున్నాను. గత పన్నెండేళ్ళుగా చేసేది ఎక్కువగా భుజాలే. మీ నాన్నగారిని చూడకుండా చెబుతున్న మాట ఇది, ఆ హద్దు దృష్టిలో పెట్టుకుని చదవండి.

సూటిగా చెప్పాలంటే, ఆ రెండు ఆపరేషన్లలో ఏదీ ఇప్పటికిప్పుడు అక్కర్లేదు. ఎనిమిది నెలల పాత చిరుగు, లోపలికి జరిగిపోయిన టెండన్, గ్రేడ్ 3 కొవ్వు, ఈ మూడూ కలిస్తే పూర్తిగా కుట్టినా ఆ కుట్టు నిలిచే అవకాశం తక్కువ. రివర్స్ మార్పిడి మంచి ఆపరేషనే. కానీ కీలు అరగని, చెయ్యి రొమ్ము దాకా లేస్తున్న, ఇంకా పొలం పని చేయాలనుకునే 64 ఏళ్ళ మనిషికి అది మొదటి మెట్టు కాదు. నేనైతే ముందు పన్నెండు వారాలు భుజం మీద బయటికి కనిపించే డెల్టాయిడ్ కండను బలపరిచే ఫిజియో చేయిస్తాను, ఆ మూడు నెలల్లోనే షుగర్‌ను దారికి తెస్తాను. అప్పటికీ నొప్పి తగ్గక, చెయ్యి లేవకపోతే, చెయ్యి బయటికి తిప్పే బలం ఎంత మిగిలిందో చూసి, పాక్షిక కుట్టో, వీపు నుంచి కండను మార్చే ఆపరేషనో చేస్తాను. కీలు అరిగినా, చెయ్యి అసలు లేవని స్థితికి వచ్చినా అప్పుడు రివర్స్.

ఎందుకంటున్నానో చెబుతాను.

మన వైపు ఈ జబ్బును "నరం తెగింది" అంటారు. ఆ మాట వల్ల చాలామంది భయపడతారు, పక్షవాతం వస్తుందేమోనని. తెగింది నరం కాదు, టెండన్. కండను ఎముకకు కట్టి ఉంచే పగ్గం అనుకోండి. భుజం గుండ్రటి ఎముక చుట్టూ నాలుగు కండలు, వాటి నాలుగు పగ్గాలు కలిసి టోపీలా కప్పుకుని ఉంటాయి. పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టీరీస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటాం. సాసరు మీద బత్తాయి పండు పెట్టినట్టుంటుంది భుజం కీలు. పండు పెద్దది, సాసరు చిన్నది. పండు జారిపోకుండా నడి మధ్యలో పట్టి ఉంచడమే కఫ్ పని. చేతిని పైకి ఎత్తే బలం బయట కనిపించే డెల్టాయిడ్ కండది. కఫ్ చిరిగినప్పుడు డెల్టాయిడ్ లాగుతుంది గానీ, పండు సాసరు మీద తిరగకుండా మొత్తంగా పైకి జారి, పైనున్న ఎముకకు తగిలి ఆగిపోతుంది. మీ నాయన చెయ్యి రొమ్ము దగ్గర ఆగిపోవడానికి కారణం ఇది. ఎవరైనా లేపితే పైకి పోతోందంటే కీలు బిగుసుకుపోలేదన్నమాట. ఇది మంచి సంగతి. భుజం పట్టేసిన జబ్బులో ఎవరు లేపినా లేవదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని నెలల తరబడి తప్పు మందులు వాడతారు.

చిరుగు 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటే పెద్దది, 5 దాటినా లేక రెండు టెండన్లు పూర్తిగా తెగినా చాలా పెద్దది అని లెక్క. కానీ సెంటీమీటర్లను బట్టి ఆపరేషన్ నిర్ణయించకూడదు. చూడాల్సింది చిరుగు ఎంత పెద్దదని కాదు, పగ్గం వెనకున్న కండ ఇంకా బతికుందా అని. పగ్గం తెగిపోతే కొత్తది కట్టొచ్చు. లాగాల్సిన ఎద్దే లేవకపోతే కొత్త పగ్గంతో బండి కదలదు. టెండన్ తెగి పని లేకుండా పోయిన కండ నెలలు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, దాని మధ్యలో కొవ్వు చేరుతుంది. దీన్నే గూటాలియే గ్రేడులుగా కొలుస్తారు. 3 అంటే కండ ఎంతో కొవ్వు అంత. 4 అంటే కండ కంటే కొవ్వే ఎక్కువ. ఒకసారి చేరిన ఆ కొవ్వు, టెండన్‌ను తిరిగి కుట్టినా సాధారణంగా వెనక్కి పోదు.

నాకిది పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. పదేళ్ళ కింద ఒక కూరగాయల వ్యాపారి వచ్చారు. 66 ఏళ్ళు, షుగర్, రెండు టెండన్లు, గ్రేడ్ 3. దాదాపు మీ నాన్నగారి రిపోర్టే. లాగి తీసుకురాగలనని నమ్మాను. రెండు గంటలపైన పట్టింది, అయిదు యాంకర్లు వేశాను. యాంకర్ అంటే ఎముకలో దిగ్గొట్టే చిన్న మేకు, దానికి దారాలుంటాయి. బల్ల మీద చూస్తే కుట్టు చక్కగా కుదిరింది. అయిదో నెలలో స్కాన్ చేస్తే మళ్ళీ తెగి ఉంది. రాత్రి నొప్పి తగ్గిందని ఆయన సంతోషంగానే ఉన్నారు, కానీ తక్కెడ పైకెత్తలేకపోయారు. "కుట్టేస్తే సరిపోతుంది" అని నేనే అన్నాను ఆయనతో. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పటి నుంచి ఎవరికైనా ముందే చెబుతున్నాను, మళ్ళీ తెగే అవకాశం ఎంతుందో, తెగితే తర్వాత ఏం చేస్తామో.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2004లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద చిరుగులను కీహోల్‌లో కుట్టిన 18 మందికి ఏడాది తర్వాత స్కాన్ చేస్తే 17 మందికి మళ్ళీ తెగి ఉంది. ఆ తర్వాత కుట్టే పద్ధతులు బాగా మెరుగయ్యాయి, ఫలితాలూ మెరుగయ్యాయి. అయినా చాలా పెద్ద చిరుగులు తిరిగి తెగడం నేటికీ మామూలే. ఆ 18 మందిలో చాలామందికి కుట్టు తెగినా నొప్పి తగ్గింది. అందుకే నొప్పి తగ్గడం వేరు, బలం రావడం వేరు అని రోగికి విడదీసి చెప్పాలి.

దీనికి పూర్తి విరుద్ధమైన కేసు ఒకటి చెప్పాలి, లేకపోతే చదివేవాళ్ళు నా మాటను తప్పుగా తీసుకునే ప్రమాదం ఉంది. మామిడి కోతల్లో నిచ్చెన మీది నుంచి పడిన 52 ఏళ్ళ ఆయన అయిదో వారంలోనే నా దగ్గరికి వచ్చారు. పడక ముందు భుజంలో ఏ ఇబ్బందీ లేదు. మూడు టెండన్లు తెగాయి, సైజు ఆ కూరగాయల వ్యాపారి కంటే పెద్దది. కానీ కండలో కొవ్వు లేదు. వారంలో కుట్టేశాం. మూడేళ్ళయింది, మళ్ళీ నిచ్చెన ఎక్కుతున్నారు (ఎక్కొద్దని చెప్పినా). పడిన వెంటనే చెయ్యి లేవకుండా పోయిందంటే ఫిజియో అంటూ నెలలు గడపకూడదు. ఆరు వారాల్లోపు, మరీ ఆలస్యమైతే మూడు నాలుగు నెలల్లోపు కుట్టించాలి. మీ నాన్నగారిని అప్పుడే చూసి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

కట్టు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో చెయ్యికి దెబ్బ తగిలిందంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. కట్టు కట్టించినందుకు మీ నాన్నగారిని ఏమీ అనకండి. కట్టు అనేది ఎముక కదలకుండా పట్టి ఉంచడానికి. తెగిన టెండన్ రబ్బరులా లోపలికి లాక్కుపోతుంది, బయట ఎంత గట్టిగా కట్టినా అది తన చోటికి రాదు. పైగా వారాల తరబడి కదలకపోతే కీలు బిగుసుకుంటుంది. అందుకే పడ్డాక ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలినా, రెండు వారాల తర్వాత కూడా చెయ్యి లేవకపోతే కఫ్ గురించి ఆలోచించాలి.

ఇక మీరు ఇంట్లోనే చూడగలిగేవి మూడున్నాయి. ఎమ్మారై కంటే ఇవే నాకు ఎక్కువ చెబుతాయి.

మొదటిది, మోచేతిని నడుముకు ఆనించి తొంభై డిగ్రీలు మడిచి కూర్చోమనండి. మీరు ఆయన ముంజేతిని బయటి వైపుకు తిప్పి, అక్కడే ఉంచమని చెప్పి వదిలేయండి. చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి వచ్చి పడితే వెనక కండలో బలం పోయిందని అర్థం. రెండోది భోజనం దగ్గర తెలుస్తుంది. సంగటి ముద్ద నోటికి అందాలంటే మోచేతిని నోటి కంటే పైకి ఎగరేయాల్సి వస్తోందా? వస్తే ఇన్‌ఫ్రాస్పైనేటస్‌తో పాటు టీరీస్ మైనర్ కూడా పోయినట్టే. అలాంటివాళ్ళకు ఒట్టి డెల్టాయిడ్ ఎక్సర్‌సైజులు సరిపోవు. మూడోది, అరచెయ్యి బొడ్డు మీద పెట్టి గట్టిగా నొక్కమనండి. మోచెయ్యి ముందుకు ఉంటే సరే. వెనక్కి పడిపోతోందంటే ముందున్న సబ్‌స్కాపులారిస్ కూడా చెడింది. మూడో పరీక్ష తప్పితే నేను పైన చెప్పిన వరుస మారుతుంది, అలాంటప్పుడు మూడు నెలలు ఆగకుండా ముందే చూపించండి.

ఫిజియో అంటే కరెంటు పెట్టడం, వేడి పెట్టడం కాదు. మీ నాన్నగారికి కావాల్సింది ఇది. మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. మంచి చేత్తో సాయం పట్టి కుడి చేతిని ఆకాశానికి నిటారుగా నిలపాలి, మోచెయ్యి వంగకూడదు. అక్కడ నిలబెట్టి, సాయం తీసేసి, చేతిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపాలి. అయిదు నిమిషాలు, రోజుకు మూడు నుంచి అయిదు సార్లు. అది సులువైనాక చేతిలో అరలీటరు నీళ్ళ సీసా పట్టుకోవాలి. తర్వాత తల వైపు దిండ్లు పెంచుకుంటూ పోవాలి, వాలు కుర్చీలోకి, చివరికి నిటారుగా కూర్చుని. పడుకున్నప్పుడు చెయ్యి బరువు డెల్టాయిడ్ మీద తక్కువ పడుతుంది, కండ మెల్లగా కొత్త పని నేర్చుకుంటుంది. ఆరు వారాల దాకా ఏమీ తేడా తెలియకపోవచ్చు. అక్కడే చాలామంది మానేస్తారు. కఫ్ తెగిన మనుషులు ఈ ఒక్కదానితోనే చెయ్యి తల దాకా ఎత్తగలగడం నేను చాలాసార్లు చూశాను. ఎమ్మారైలో చిరుగు అలాగే ఉంటుంది, వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటూ ఉంటారు.

రాత్రి నొప్పికి ఇంజెక్షన్ ఒకటి ఇప్పటికే తీసుకున్నారు. అదే పనిగా తీసుకోకండి. స్టెరాయిడ్ వల్ల షుగర్ కొన్ని రోజుల పాటు పెరుగుతుంది, మాటిమాటికీ వేస్తే మిగిలిన టెండన్ బలహీనపడుతుంది. ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్ళకు ఇన్‌ఫెక్షన్ భయం కోసం నేను ఇంజెక్షన్ తర్వాత కనీసం మూడు నెలలు ఆగుతాను.

ఫిజియోతో కుదరకపోతే ఉన్న దారులేమిటి?

అన్నిటికంటే చిన్నది, కీహోల్‌లో లోపల శుభ్రం చేసి, నొప్పి పెడుతున్న బైసెప్స్ (జబ్బ కండ) టెండన్‌ను విడదీయడం. చెయ్యి బాగానే లేస్తూ నొప్పి మాత్రమే ఉన్న పెద్దవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. జబ్బ దగ్గర కండ కొంచెం ఉబ్బుగా కనిపించొచ్చు, అంతే. బలం రాదు.

తర్వాతిది పాక్షిక కుట్టు. పందిరి రాటకు ముందొక తాడు, వెనకొక తాడు బిగిస్తే పైన గుడ్డ చిరిగినా రాట నిలుస్తుంది కదా. అలాగే ముందు సబ్‌స్కాపులారిస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్ వచ్చినంత మేర కుట్టి, పైన చిరుగును వదిలేస్తాం. మీ నాన్నగారి చెయ్యి ఇప్పటికే రొమ్ము దాకా లేస్తోంది కాబట్టి, రేపు ఆపరేషన్ అవసరమైతే నేను ముందు ఆలోచించేది దీని గురించే. మీకు కుట్టేద్దామన్న డాక్టరు మనసులో ఉన్నది కూడా బహుశా ఇదే కావచ్చు. పూర్తిగా కుట్టగలమనుకుంటున్నారా, వచ్చినంత వరకేనా అని అడగండి.

పైకప్పులా కొత్త పొర వేసే పద్ధతి జపాన్‌కు చెందిన డాక్టర్ మిహాతా తెచ్చింది. తొడ దగ్గరున్న గట్టి పొరను తీసి సాసరు అంచు నుంచి బంతి (పైన బత్తాయి పండు అన్న గుండ్రటి ఎముక) దాకా కప్పేస్తారు. బంతి పైకి జారకుండా ఉంటుంది. ఆయన చేతిలో ఫలితాలు చాలా బాగున్నాయి, మిగతా చోట్ల అంత నిలకడగా రాలేదు. నేను తక్కువగా చేస్తాను. తొడ దగ్గర నొప్పి చాలా రోజులుంటుంది, పొలంలో నడిచే మనిషికి అదొక బాధ.

బెలూన్ గురించి అడుగుతూ చాలామంది వస్తున్నారు. బంతికీ పైఎముకకూ మధ్య, మెల్లగా కరిగిపోయే బెలూన్ పెడతారు. 2022లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో, ఒట్టి శుభ్రం చేసినవాళ్ళు బెలూన్ కూడా పెట్టించుకున్నవాళ్ళ కంటే మెరుగ్గా ఉన్నారు. అది చదివాక నేను ఎవరికీ దాన్ని సూచించడం లేదు.

కండ మార్పిడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారి వయసుకూ పనికీ ఇది సరిపోవచ్చు. చచ్చుబడిన ఎద్దు స్థానంలో పక్క కాడి నుంచి మంచి ఎద్దును తెచ్చి కట్టడం లాంటిది. 1988లో స్విట్జర్లాండ్‌కు చెందిన డాక్టర్ గెర్బర్ వీపు మీది పెద్ద కండ లాటిసిమస్ డోర్సైని ఇలా మార్చి చూపించారు. ఈ మధ్య ఎక్కువగా మెడ నుంచి వీపు దాకా ఉండే ట్రెపీజియస్ కండలోని కింది భాగాన్ని వాడుతున్నారు. అది లాగే దిశ ఇన్‌ఫ్రాస్పైనేటస్ దిశకు దగ్గరగా ఉంటుంది, అందుకే చెయ్యి బయటికి తిప్పే బలం తిరిగి వస్తుంది. కానీ ఆ కండ భుజం దాకా అందదు, మధ్యలో ఒక టెండన్ ముక్క కలపాలి. విదేశాల్లో దాత నుంచి తీసినది వాడతారు. మన దగ్గర అది సులువుగా దొరకదు, సాధారణంగా రోగి కాలి నుంచే తీస్తాం. దీనికి మూడు షరతులు: కీలు అరగకూడదు, ముందున్న సబ్‌స్కాపులారిస్ పనిచేయాలి, రోగి ఏడాది పాటు ఓపిగ్గా ఎక్సర్‌సైజు చేయాలి. మార్చిన కండకు తాను ఇప్పుడు భుజం పని చేస్తున్నానని నేర్పాలి, అందుకు నెలలు పడుతుంది. చంద్రగిరి దగ్గర పాలకేంద్రం నడిపే 55 ఏళ్ళ ఆయనకు ఇది చేశాం. ఎనిమిదో నెల దాకా "ఏం మారలేదు డాక్టర్" అంటూనే ఉన్నారు. పద్నాలుగో నెలలో చూస్తే చెయ్యి బయటికి తిప్పి పాల క్యాన్ మూత తీస్తున్నారు. అందరికీ అంత బాగా రాదు.

ఇక రివర్స్ మార్పిడి. 1985లో ఫ్రాన్స్‌లో డాక్టర్ పాల్ గ్రామాన్ మొదలుపెట్టిన ఆలోచన ఇది. సాసరు ఉన్న చోట బంతిని, బంతి ఉన్న చోట గిన్నెను పెడతారు. దాంతో కీలు తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది, డెల్టాయిడ్‌కు బారు పెరుగుతుంది, కఫ్ లేకుండానే డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యి ఎత్తేస్తుంది. కీలు అరిగిన 70 ఏళ్ళ వాళ్ళకు ఇది వరమే. గుండ్రటి ఎముక పైకి జరిగి అరిగిపోయి, రెండేళ్ళుగా తల దువ్వుకోలేని ఒక రిటైర్డు టీచరమ్మకు చేశాను. నాలుగో నెలలో తానే కొప్పు ముడి వేసుకుని వచ్చి కూర్చున్నారు. పదేళ్ళ తర్వాత కూడా పదిమందిలో తొమ్మిదిమందికి అదే కీలు నిలుస్తోంది.

అయితే దీనికి హద్దులున్నాయి, అవి మన బతుకులో ఎక్కడ తగులుతాయో ముందే తెలియాలి. చెయ్యి పైకి లేస్తుంది గానీ, వెనక్కి నడుము కిందికి అందడం చాలామందికి తగ్గుతుంది. ఎడమ భుజానికి చేయాల్సి వస్తే మరుగుదొడ్డిలో కడుక్కోవడం గురించి నేను తప్పకుండా అడుగుతాను. సిగ్గుపడి ఎవరూ తామంతట తాము చెప్పరు, ఆపరేషన్ తర్వాత బాధపడతారు. నేల మీద కూర్చుని లేచేటప్పుడు చెయ్యి వెనక్కి ఆనించి ఒళ్ళు లేపుకోవడం మొదటి మూడు నెలలు అసలు చేయకూడదు, కీలు జారేది ఎక్కువగా అక్కడే. ఇంట్లో కుర్చీ భోజనం, వెస్టర్న్ టాయిలెట్ ముందే ఏర్పాటు చేసుకోవాలి. బరువు విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. నలభై లీటర్ల పాల క్యాన్ ఇక ఎప్పటికీ ఎత్తకూడదు. పార, గొడ్డలి వదిలేయాలి. ఇన్‌ఫెక్షన్ వస్తే కీలు తీసేయాల్సి రావచ్చు, ఒక్కోసారి పైఎముకలో పగులు వస్తుంది. అది చెడితే తర్వాత చేయగలిగేవి తక్కువ. అందుకే 64 ఏళ్ళ రైతుకు దీన్ని చివర ఉంచుతున్నాను, ఆపరేషన్ మంచిది కాదని కాదు. పడినప్పుడు డెల్టాయిడ్‌కు వెళ్ళే నరానికి దెబ్బ తగిలి ఉంటే ఈ ఆపరేషన్ పనిచేయదు, అది ముందే పరీక్షించాలి.

షుగర్ గురించి రెండు మాటలు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష 8 కంటే తక్కువ ఉంటేనే నేను తేదీ ఇస్తాను. షుగర్ ఎక్కువుంటే కుట్టు మానదు, భుజం బిగుసుకుంటుంది, ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. బీడీ అలవాటుంటే అది కూడా మానాలి. ఈ రెండూ చేయకుండా ఎంత మంచి సర్జన్ కుట్టినా లాభం ఉండదు.

ఏ కుట్టు ఆపరేషన్ చేసినా ఆరు వారాలు స్లింగ్ తప్పదు. తర్వాత ఆరు వారాలు చెయ్యి కదపొచ్చు గానీ బరువు పట్టకూడదు. గట్టి పని ఆరు నెలల తర్వాతే. అంటే తోతాపురి కోత సీజన్ ముందు ఆపరేషన్ పెట్టుకోకండి. ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేకపోతే ఆయన ఆగరు, నాలుగో వారంలోనే స్లింగ్ తీసేసి తోటలోకి వెళ్తారు.

రెండో అభిప్రాయానికి వెళ్ళేటప్పుడు ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి, సీడీ తీసుకెళ్ళండి. కొవ్వు ఎంత ఉందో బొమ్మల్లో చూస్తేనే తెలుస్తుంది. నిలబడి తీసిన మామూలు ఎక్స్‌రే కూడా కావాలి. బంతికీ పైఎముకకూ మధ్య ఖాళీ 7 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పూర్తి కుట్టు కుదరడం కష్టం, ఈ ఒక్క సంగతి ఎక్స్‌రేలోనే తేలిపోతుంది. ఖర్చు విషయంలో, యాంకర్లు చాలాచోట్ల ఒక్కొక్కటి విడిగా బిల్లులో పడతాయి. ఎన్ని పడతాయో, లోపల చూశాక ప్లాను మారితే ఎంతవుతుందో ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవలో మీకు చెప్పిన ఆపరేషన్ వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే అక్కడే చూసి చెబుతారు. ఒకరు చెప్పింది విని ఇంకో ఊరికి తిరగక్కర్లేదు.

చివరిగా ఆవుల సంగతి. ఇప్పుడు అమ్మకండి. ఈ మూడు నెలలు పాలు పిండటం, గడ్డి కోయడం, క్యాన్లు ఎత్తడం ఇంకెవరికైనా అప్పజెప్పండి. మేత వేయడం, నీళ్ళు పెట్టడం, కడగడం ఎడమ చేత్తో ఆయన్నే చేయనివ్వండి. రోజూ పొద్దున కొట్టం దగ్గరికి వెళ్ళే మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఎక్సర్‌సైజు చేయాలన్న ఆసక్తి కూడా పోతుంది. పన్నెండో వారంలో చెయ్యి ఎంత దాకా లేస్తోందో పక్క నుంచి ఒక ఫోటో తీసి, ఈ రోజు తీసిన ఫోటో పక్కన పెట్టి ఇక్కడే పంపండి. పాక్షిక కుట్టయితే రెండు ఆవులు ఉంచుకోవచ్చేమో, రివర్స్ అయితే పాలు పిండే పని ఇంకొకరికి శాశ్వతంగా అప్పజెప్పాలేమో అప్పుడు చూసి చెబుతాను.